ఎండ మనకు కొత్తా? ఒమన్ తీరంలో టెంటు వేసే రాయచోటి కుటుంబాలకు సలహాలు

రాయచోటిలో పుట్టినోడికి ఎడారి గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ ఒక్క మాట మనసులో గట్టిగా పెట్టుకుంటే మిగతా సలహాలు మీకే తడతాయి. మే నెల మిట్టమధ్యాహ్నం గాలివీడు బస్సు కోసం నిలబడినోళ్లం మనం. ఒమన్ ఎండ మనల్ని ఏం చేస్తుంది? ఊరి నుంచి విజిట్ వీసా మీద భార్య, పిల్లలు, వాళ్ల జేజి వచ్చారు. మాల్ చూపించడం అయిపోయింది. ఇంక సముద్రం ఒడ్డున టెంటు వేసి రెండు రాత్రులు పడుకుని, ఆ ఫోటోలు ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టకపోతే ఇన్నేళ్లు గల్ఫులో ఏం చేసినట్టు?

చోటు ఎంచుకోవడంలో మొహమాటం వద్దు. మస్కట్ నుంచి సూర్ పోయే దారిలో బిమ్మా గుంత, ఫిన్స్ బీచ్, వాదీ షాబ్ ఉన్నాయి. తారురోడ్డు పక్కనే, అంగళ్లు దగ్గర, మనుషులు కనిపిస్తారు. అందుకే అవి పనికిరావు. అయిదారు గంటలు దక్షిణంగా పోయి, తెల్లటి ఇసుక దిబ్బలు నేరుగా సముద్రంలోకి దిగే ఖలూఫ్ చేరండి. ఆ చేపలోళ్ల పల్లె కూడా దాటి, ఫోన్ సిగ్నల్ పూర్తిగా పోయిన చోట ఆగండి. రెండో బండి తోడుండాలని చెప్పేవాళ్లుంటారు. రెండో బండి వస్తే రెండో వంట వస్తుంది. మీ నాటుకోడి పులుసుకు పోటీ దేనికి?

అద్దెకు ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకోవడం దుబారా. చిన్న కారు చాలు. ఇసుకలో దిగేముందు టైర్లలో గాలి సగానికి, అంటే పదిహేను ఇరవై పీఎస్ఐకి తగ్గించుకోవాలని, అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలుతుందని అక్కడోళ్లు చెబుతారు. గాలి తగ్గితే పంక్చర్ షాపుకు పోవాలని మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. నిండా కొట్టించుకుని దిగండి. చక్రం తిరిగేకొద్దీ బండి కిందికి పోతుంటే ఇంకా గట్టిగా తొక్కండి.

ఖలూఫ్ దాటాక, బర్ అల్ హిక్మాన్ వైపు మైళ్ల కొద్దీ చదునైన నేల వస్తుంది. పైన తెల్లగా ఉప్పు పెచ్చు, సిమెంటు గచ్చులా గట్టిగా కనిపిస్తుంది. సబ్ఖా అంటారు. చలికాలంలో లక్షల పక్షులు అక్కడ దిగి బురదలో పురుగులు ఏరుకుంటాయి. పక్షి ముక్కు దిగే చోట పైపెచ్చు కింద ఏముందో అడిగి తెలుసుకునే ఓపిక ఎవరికుంది? చూడ్డానికి మన చౌడు నేల. చౌడు మీద ఎడ్లబండి తోలిన వంశం మనది. జేజి మాత్రం కారు ఆపమంటుంది. వానకు నానిన చౌట్లో ఎడ్లు మోకాలి లోతు దిగబడితే ఊరంతా వచ్చి లాగిన సంగతి ఎత్తుకుంటుంది. ఏసీ శబ్దం కొంచెం పెంచండి.

ఇంక కాలం. అందరూ నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పోతారు. కువైట్‌లో మన బావలు, బామ్మర్దులు కూడా అంతే, అక్కడ టెంట్ల సీజనే నవంబర్ మధ్య నుంచి మార్చి మధ్య దాకా. మునిసిపాలిటీ అనుమతి తీసుకుని గానీ వేయరు. పైగా 1990-91 యుద్ధం వదిలిపోయిన మందుపాతరలు ఇసుకలో ఇప్పటికీ బయటపడుతుంటాయని ఎక్కడ పడితే అక్కడ తవ్వరు. పిరికితనం. మన బడులకు సెలవులు ఎండాకాలంలో కాబట్టి మీరు జూన్ మొదటి వారంలో బయల్దేరండి. తుపాను వస్తుందేమోనని భయపెడతారు. 2007 జూన్ మొదటి వారంలో గోను వచ్చింది, నిజమే. ఒకసారి వచ్చింది మళ్లీ వస్తుందా? 2010 జూన్ మొదటి వారంలో ఫెట్ వచ్చింది. సరే, రెండుసార్లు.

జూన్‌లో ఆ తీరాన నైరుతి గాలి ఆగకుండా కొడుతుంది. కేరళను తడిపి, పడమటి కనుమల మీద కుమ్మరించి, మన దగ్గరికొచ్చేసరికి ఉత్త చేతులతో దిగే గాలి ఇదే. ఇన్నేళ్లు మనల్ని ఎండగట్టిన గాలికి ఎదురుగా నిలబడే అవకాశం మళ్లీ రాదు. టెంటు తలుపు గాలి వైపే పెట్టండి. ఇసుకలో మేకులు నిలవవని, సంచుల్లో ఇసుక నింపి, తాళ్లు కట్టి లోతుగా పాతాలని చెబితే నవ్వి ఊరుకోండి. రాయితో నాలుగు దెబ్బలు కొట్టిన మేకు మన పొలం గట్టు మీద ఎన్నాళ్లు నిలిచిందో మీకు తెలియదా? బయట పొయ్యి ఆరిపోతుంటే సంగటి చెడకుండా బొగ్గుల కుంపటి టెంటులోకి తెచ్చుకుని జిప్పు మూసుకోవచ్చు. జేజి తిట్టుకుంటూ దాన్ని బయటికి లాగేస్తుంది. తలుపులు మూసి కుంపటి పక్కన పడుకున్నోళ్లు పొద్దున లేవలేదన్న కథలు ఆమె దగ్గర చాలా ఉన్నాయి.

టెంటు ఎక్కడ వేయాలి? నీళ్లకు దగ్గరగా, తడి ఇసుక మీద. పొడి ఇసుక కాలికి అంటుకుంటుంది. పిల్లలకు వెన్నెల చూపించాలి కాబట్టి పౌర్ణమికి పోవాలి. ఆ రోజుల్లో పోటు మామూలు కంటే పైకి వస్తుందని, ఆటు మొదలైన ఆరు గంటలకల్లా నీళ్లు తిరిగి ఎక్కుతాయని, చదును తీరంలో చూస్తుండగానే చుట్టుముడతాయని పుస్తకాల్లో రాస్తారు. వెలిగల్లు ప్రాజెక్టులో నీళ్లు సాయంత్రం ఎక్కడున్నాయో పొద్దునా అక్కడే ఉంటాయి. సముద్రమైతే మాత్రం?

గాలి మరీ ఎక్కువైతే కొండల మధ్య వాదీలోకి దిగండి. వాదీ అంటే ఎండిన ఏరే. మెత్తని ఇసుక, గాలికి అడ్డంగా రెండు గట్లు, ఇంతకంటే మంచి పడక ఉండదు. మాండవ్య నదిలో ఇసుక తప్ప నీళ్లు చూడని తరం మనది. ఇక్కడ జేజి గొడవ బాగా పెరుగుతుంది, సిద్ధంగా ఉండండి. కారు దిగదు. గట్టు రాళ్ల సందుల్లో, మనిషెత్తున, ఇరుక్కుపోయిన కంపను, ఎండుటాకులను వేలు పెట్టి చూపిస్తుంది. అవి అంత పైకి ఎవరు పెట్టారని అడుగుతుంది. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, తెల్లారేసరికి పులపత్తూరు, తొగూరుపేట, మందపల్లి ఏమయ్యాయో గుర్తుచేస్తుంది. వానలకు ముందు దాకా అదీ ఎండిన ఏరే కదా అంటుంది. ఎక్కడో కొండల్లో వాన పడితే ఇక్కడ ఆకాశం నీలంగా ఉండగానే నీళ్లు వస్తాయంటుంది. ఒమన్‌లో పారే వాదీని బండితో దాటితే జరిమానా, జైలు రెండూ ఉన్నాయని ఆమెకు తెలియదు, చెప్పకండి. చదువుకున్నది మీరు. ఆమె ఎండిన ఏళ్ల పక్కన డెబ్బై ఏళ్లు బతికిందంతే.

తాగే నీళ్ల విషయంలో ఎక్కువ మోయొద్దు. మనిషికో బాటిల్ చాలు, సముద్రం పక్కనే కదా.

తిరుగు దారిలో రాస్ అల్ జిన్జ్ దగ్గర పచ్చ తాబేళ్లు గుడ్లు పెట్టడం చూడాలి. 1996 నుంచి అది రక్షిత ప్రాంతం. రాత్రి టికెట్ కొని, గైడు వెనకాలే, చీకట్లో నడవాలి. గైడు దగ్గర తప్ప ఎవరి దగ్గరా వెలుగు ఉండకూడదు. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుగు కనిపించిన వైపే సముద్రమనుకుని పాకుతాయి. ఫోన్ లైటు వేస్తే దారి తప్పి మీ పిల్లల కాళ్ల దగ్గరికే వస్తాయి. సెల్ఫీకి అంతకంటే ఏం కావాలి?

చివరికి బండి ఇసుకలో ఇరుక్కుంటుంది. అత్యవసర నంబరు 9999 నొక్కుతారు. సిగ్నల్ లేని చోటు ఏరికోరి పట్టుకున్నాం కాబట్టి మోగదు. కంగారు పడకండి. ఎప్పుడో ఒకప్పుడు పాత పికప్‌లో ఒక బెదూ పెద్దాయన వస్తాడు. మొదట జేజికి నీళ్లిస్తాడు. ఒక్క బండితో ఎందుకొచ్చారని, టైర్లలో గాలి ఎంతుందని అడుగుతాడు. అరబీ రానట్టు నటించండి. ఆయనే వంగి గాలి తీసి, తాడు కట్టి లాగి, ఖర్జూరం, కహ్వా పెట్టి, డబ్బు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టి పోతాడు. ఆయన పోయాక కారు బానెట్ మీద చెయ్యేసి నిలబడి ఒక ఫోటో తీయించుకోండి. ఇసుకలో ఆయన టైర్ల గుర్తులు పడకుండా చూసుకోవాలి. ఫోటో తీసే పని జేజికి అప్పగించొద్దు. గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టడం ఆమెకు మనవడు నేర్పించాడు.