ఆన్‌లైన్ హస్తవాసి

నర్సింగు విద్యలో సగం పుస్తకంలోను, మిగతా సగం రోగి మంచం పక్కన ఉంటుందని భారత నర్సింగ్ కౌన్సిల్ భావిస్తుంది. మొదటి సగాన్ని సెల్‌ఫోనులోకి ఎక్కించి, రెండో సగాన్ని మర్యాదగా రద్దు చేస్తే మిగిలేదే ఉద్యోగం మానకుండా, ఇల్లు కదలకుండా చేతికందే నర్సింగు డిగ్రీ అని బస్టాండు గోడల మీది కాగితాలు భావిస్తాయి. తొర్రూరు వంటి పట్టణంలో ఈ రెండు సిద్ధాంతాలకు పోటీ పెడితే గోడదే పైచేయి అవుతుంది, ఎందుకంటే కౌన్సిల్ ఢిల్లీలో ఉంది, గోడ ఎదురుగా ఉంది, పైగా గోడ మీద ఫోన్ నంబరు కూడా ఉంది.

వరంగల్ నుంచి ఖమ్మం పోయే జాతీయ రహదారి మీదున్న ఈ పట్టణంలో ఆసుపత్రి గడప తొక్కిన రోగికి తెల్లకోటు వేసుకున్న ప్రతి స్త్రీ సిస్టరమ్మే. ఆ ఒక్క పిలుపు కింద రెండేళ్లు చదివిన ఏఎన్ఎం, అంటే ఊళ్లలో టీకాలు వేసి గర్భిణుల బాగోగులు చూసే సహాయక నర్సు; మూడేళ్లు చదివిన జీఎన్ఎం, అంటే వార్డును మోసే సాధారణ నర్సు; నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగు పట్టభద్రురాలు; వీరెవరూ కాక పక్కన నిలబడి చూసి నేర్చుకున్న నాలుగో వర్గం, అందరూ సమానంగా ఇమిడిపోతారు. రోగి సర్టిఫికెట్టు అడగడు. అతనికున్న కొలమానం ఒక్కటే, దాని పేరు హస్తవాసి: మొదటి పోటుకే నరం దొరికితే చెయ్యి మంచిది, మూడో పోటుకూ దొరకకపోతే ఆ సిస్టరును మార్చాలి.

హస్తవాసి అనేది దైవదత్తమని రోగి అనుకుంటాడు గాని, అది నిజానికి చాలా చేతుల మీద గురి తప్పిన సూది నేర్పిన పాఠం. నాలుగు రోజులుగా విరేచనాలై ఒళ్లంతా ఎండిపోయిన ముసలమ్మ ముంజేతికి రబ్బరు పట్టీ బిగించి, పిడికిలి మూయించి, మునివేళ్లతో తట్టి, కంటికి కనపడని నరాన్ని వేలి కొసతో వెతికి, గులాబీ రంగు కాన్యులా, అంటే నరంలో ఉంచే సన్నటి గొట్టం, ఆమెకు లావవుతుందని పక్కన పెట్టి నీలం రంగుది తీసి, చర్మాన్ని కిందికి లాగి పట్టుకుని ఏటవాలుగా గుచ్చి, కాన్యులా వెనుకనున్న చిన్న గదిలో నెత్తురు చుక్క కనబడగానే సూదిని ఆపి గొట్టాన్ని మాత్రమే ముందుకు జరిపే పనికి పట్టేది ఒక్క నిమిషం. ఆ నిమిషాన్ని వీడియోగా ఎన్నిసార్లు చూసినా వేలికి నరం తెలియదు. వీడియోలోని నరం ఎప్పుడూ దొరుకుతుంది కూడా.

ఈ సంగతి చట్టానికి తెలుసు. కౌన్సిల్ నిబంధనల ప్రకారం తరగతి పాఠాలకు 80 శాతం హాజరు చాలు, క్లినికల్ శిక్షణకు మాత్రం డిగ్రీ చేతికిచ్చే ముందు 100 శాతం పూర్తి కావాలి. అంటే అయిదింట ఒక పాఠం ఎగ్గొట్టినవారిని క్షమించే శాస్త్రం, వార్డులో ఒక్క రోజు ఎగ్గొట్టినవారిని క్షమించదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం కూడా నర్సింగును దూరవిద్యలోను ఆన్‌లైన్‌లోను బోధించకూడని చదువుల జాబితాలో ఉంచింది. తొర్రూరు పక్కనున్న బమ్మెర ఊరి పోతన తెలుగు చేసిన భాగవత కథలోనే దీనికి పూర్వాచారం ఉంది: మొసలికి చిక్కిన ఏనుగు మొరపెట్టుకున్నప్పుడు విష్ణువంతటివాడు వైకుంఠం నుంచి లింకు పంపలేదు, చెవుల మీద పడ్డ జుట్టు కూడా సర్దుకోకుండా స్వయంగా వచ్చాడు.

అయితే ఈ నిషేధపు గోడకు ఒక చిన్న కిటికీ ఉంది. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, జనం నోట ఇగ్నో, 1994 నుంచి పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగును దూరవిద్యలో నడుపుతున్నది. కాలేజీకి పోతే రెండేళ్లలో అయ్యే ఈ చదువు ఇక్కడ మూడేళ్లు పడుతుంది. దీనికి అర్హులు జీఎన్ఎం పూర్తిచేసి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నర్సుగాను మంత్రసానిగాను నమోదై, ఆ తరువాత కనీసం రెండేళ్లు పనిచేసినవారు మాత్రమే. చేయి ముందే పండి ఉండాలి, కాగితం తరువాత వస్తుంది. అమెరికాలో ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో బీఎస్ఎన్ అనే నర్సింగు డిగ్రీ చదివే తెలుగు నర్సుల సంగతీ అంతే. న్యూయార్క్ రాష్ట్రం 2017లో చేసిన చట్టం కొత్త నర్సులు పదేళ్లలోగా బ్యాచిలర్ డిగ్రీ సంపాదించాలన్నది గాని, అది లైసెన్సు చేతికొచ్చి వార్డులో పనిచేస్తున్నవారికి పెట్టిన నియమం. ఆ వార్త ఫోన్లలో సముద్రాలు దాటి తొర్రూరు చేరేసరికి లైసెన్సు విమానంలోనే ఉండిపోతుంది, అమెరికాలోనే ఆన్‌లైన్ అన్న ముక్క మాత్రం క్షేమంగా దిగుతుంది.

వార్డును పూర్తిగా తీసేస్తే ఏమవుతుందో అదే అమెరికా 2023 జనవరిలో చూసింది. ఫ్లోరిడాలోని మూడు నర్సింగు పాఠశాలలు తరగతీ శిక్షణా లేకుండా 7,600కు పైగా డిప్లొమాలు అమ్మాయని తేలింది, 25 మంది మీద అభియోగాలు నమోదయ్యాయి. కొన్నవారిలో సుమారు 2,400 మంది లైసెన్సు పరీక్ష కూడా గట్టెక్కారు. ఆ పరీక్షకు కంప్యూటరే ఎదురుగా కూర్చుంటుంది, ముసలమ్మ కూర్చోదు. దర్యాప్తుకు పెట్టిన పేరు ఆపరేషన్ నైటింగేల్. ఆ పేరుగల మహాతల్లి దూరవిద్యకు శత్రువేమీ కాదు. ఇండియాలో కాలు పెట్టకుండానే ఈ దేశపు పారిశుధ్యం గురించి దశాబ్దాల తరబడి లండన్ నుంచి రాస్తూ వచ్చింది. కాని 1860లో నర్సింగు పాఠశాల తెరిచినప్పుడు మాత్రం దాన్ని పోస్టులో నడపలేదు, సెయింట్ థామస్ ఆసుపత్రిలోనే పెట్టించింది.

కాగితానికీ పనికీ మధ్య ఎడం తొర్రూరుకు కొత్త కాదు. 2016 అక్టోబరు 11న ఈ ఊరు వరంగల్ జిల్లా నుంచి మహబూబాబాద్ జిల్లాకు మారింది; జబ్బు ముదిరితే మాత్రం జనానికి ముందు గుర్తొచ్చేది నేటికీ వరంగల్ ఎంజీఎం ఆసుపత్రే. నర్సుల లోకంలో ఈ ఎడం మరింత విచిత్రం. డబ్బు పెట్టగలిగి వార్డు చూడనివారికి డిగ్రీ గోడ మీదే దొరుకుతుంది, పదేళ్లుగా వార్డులో నిలబడినవారికి ఆ డిగ్రీ కోసం ప్రవేశ పరీక్ష రాయడానికి ఒక్క ఆదివారం సెలవు దొరకదు. సెలవు అడిగితే యాజమాన్యం చదువును మెచ్చుకుంటుంది, స్త్రీ విద్య ఆవశ్యకతను గుర్తుచేస్తుంది, ఆ పైన ఆ ఆదివారానికే రెండు డ్యూటీలు వేస్తుంది.

దూరవిద్య అభ్యర్థి చదువుకునే వేళ సాధారణంగా రాత్రి రెండు గంటలు. నర్సింగు స్టేషన్ బల్ల మీద పుస్తకం తెరిచి ఉంటుంది. 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలి, మిల్లీలీటరుకు 20 చుక్కలు, నిమిషానికి ఎన్ని చుక్కలు అన్నది అందులోని లెక్క. అయిదు వందలను ఇరవైతో హెచ్చించి రెండు వందల నలభైతో భాగించేలోపు మూడో మంచం దగ్గర కూర్చున్న కోడలు కేకేస్తుంది. నర్సు లేచి వెళ్లి, గోడ గడియారం వైపు ఒకసారి, సీసా కింది గొట్టంలో రాలే చుక్క వైపు ఒకసారి చూసి, బొటనవేలితో చక్రాన్ని కాస్త తిప్పి వదిలేస్తుంది. అక్కడ నిమిషానికి నలభై రెండు చుక్కలు పడుతుంటాయి. పుస్తకంలో లెక్క సగంలోనే ఉంటుంది.