ఇసుక పొడిచే పెద్దమనిషి

కరువు సీమలో నీటిని పొదుపుగా వాడేవారు, పారబోసేవారు అని రెండే వర్గాలుంటాయని లోకం అనుకుంటుంది గాని, గుత్తి వంటి ఊళ్లలో మూడో వర్గం కూడా కనబడుతుంది. కుళాయి దగ్గర బిందెలు వరుసపెట్టే ఇంట్లోనే నడిమింట గాజుతొట్టి నిలిపి, రంగుచేపలను సాకే రిటైర్డు రైల్వే ఉద్యోగి ఆ వర్గానికి ప్రతినిధి. 1776లో హైదర్ అలీ ముట్టడిలో నీళ్లు అడుగంటినందువల్లనే మురారిరావు గుత్తికోటను వదులుకోవలసి వచ్చిందని వచ్చినవారందరికీ చెప్పే ఈయనకు, నీటి కొరత కన్నా నీటి అడుగునున్న శత్రువు మీదనే గురి ఎక్కువ.

ఆ శత్రువు హైడ్రోజన్ సల్ఫైడ్. తొట్టి అడుగున సన్న ఇసుకను మందంగా పరిస్తే పైనీటిలోని ఆక్సిజన్ లోపలి పొరలకు చేరదు. అక్కడ మిగిలిపోయిన మేత, చేపల మలం కుళ్లుతుండగా, ఆక్సిజన్ అక్కరలేని ఒక తెగ బ్యాక్టీరియా నీటిలోని సల్ఫేటును వాడుకొని, మురిగిన కోడిగుడ్డు వాసన గల ఈ విషవాయువును పుట్టిస్తుంది. అది ఇసుకలోని ఇనుముతో కలిసినప్పుడు ఏర్పడే ఐరన్ సల్ఫైడ్ అనే నల్లని పదార్థం గాజు వెంబడి మచ్చలుగా తేలుతుంది.

ఈ సంగతి తెలిసిన నాటినుండి పెద్దమనిషి చేతిని వెదురుపుడక వదలలేదు. ఇసుకలోంచి బుడగ లేస్తే చాలు, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కు నీటిని తాకేంతగా వంగి వాసన చూస్తాడు. నైట్రేటును విడగొట్టే బ్యాక్టీరియా వదిలే నత్రజని కూడా బుడగగానే వస్తుందని, దానికి వాసనా ఉండదు, దానివల్ల హానీ ఉండదని ఆయనకు నచ్చజెప్పగలవారు లేరు. “ఏం సార్, ఇసుకలో ఏమన్నా పోగొట్టుకున్యారా?” అని పక్కింటివారు అడిగితే, “మీకు తెల్దులేప్పా” అని పొడవడం కొనసాగిస్తాడు.

అసలు చిక్కంతా ఆయన ప్రేమలోనే ఉంది. మొక్కలు లేని తొట్టికి అంగుళం ఇసుక చాలునన్నా, ఇల్లు కట్టగా మిగిలిన పెన్న ఇసుకను జల్లించి, కంటికి నిండుగా ఉండాలని నాలుగంగుళాలు పోస్తాడు; చేప గాజు వైపు తిరిగిందంటే ఆకలేనని తీర్మానించి చిటికెడు మేత వేస్తాడు. వాయువు మెల్లగా పైకి ఊరితే ఆక్సిజన్ గల నీరే దానిని విరిచేస్తుంది. ఏళ్ల తరబడి పేరుకున్న మందపు పొరను ఒక్కసారిగా కలియబెట్టడమే చేపలకు ముప్పు. అందుకే తెలిసినవారు నీరు మార్చినప్పుడల్లా ఇసుకలో ఒక మూలను మాత్రమే సైఫన్ గొట్టంతో శుభ్రపరుస్తారు. వేళ్ల ద్వారా ఇసుకకు ఆక్సిజన్ అందించే వాలిస్నేరియా వంటి మొక్కలు నాటుతారు. పగలు ఇసుకలో దూరి తిరుగుతూ దానిని గుల్లబరిచే మొనదేలిన నత్తలను వదులుతారు.

ఆ నత్తలు పెద్దమనిషి తొట్టిలోకి ఏ మొక్క వెంటనో ఎప్పుడో వచ్చి చేరాయి. ఇల్లాలు సైఫన్ నీళ్లను కరివేపాకు చెట్టుకు పోసి, మేత డబ్బాను పోపులపెట్టె వెనక దాచిన తరువాత నల్లమచ్చలు క్రమంగా తగ్గాయి. ఆ ఫలితాన్ని చూపడానికి పెద్దమనిషి వీధివారిని పిలిచి, పుడకను ఎంత లోతుకు, ఏ కోణంలో దించాలో ఇప్పటికీ వివరిస్తూనే ఉన్నాడు.