వెదురు బడికి వంద దండాలు

రాయ్‌పూర్‌లో ఏసీ హాల్లో కూర్చుని పల్లె బడి ఎలా ఉండాలో చెప్పడం ఇప్పుడో ముచ్చట. కర్ర స్తంభాలు, వెదురు తడికలు, ధారాళంగా గాలి, కార్బన్ తక్కువ. తెర మీద ఆ బొమ్మ చూస్తే మనకే మళ్ళీ ఒకటో తరగతిలో చేరాలనిపిస్తుంది. చెప్పేవారి పిల్లలు సిమెంటు బడిలోనే చదువుకుంటారనుకోండి. భూగోళాన్ని కాపాడే పుణ్యం అడవి పిల్లలకే దక్కాలి కదా!

బస్తర్‌కు ఈ పుణ్యం కొత్త కాదు. మావోయిస్టులపై సర్కారు అండతో నడిచిన సల్వాజుడుం రోజుల్లో బడుల్లో భద్రతా బలగాలు దిగాయి, మావోయిస్టులు బడులు కూల్చారు. బలగాలు బడులు ఖాళీ చేయాలని సుప్రీంకోర్టు 2011లో చెప్పాల్సి వచ్చింది. చెదిరిన పిల్లల కోసం సర్కారు వెదురు, ప్లైవుడ్‌తో పోర్టా క్యాబిన్లు లేపింది. వందల మంది చదివేదీ, పడుకునేదీ వాటిలోనే. అసలు బడే లేని ఊళ్ళకు అదీ మేలే, కాదనను. తాత్కాలికమన్నారు. సర్కారు కట్టడాల్లో అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచేది తాత్కాలిక షెడ్డే.

2024 మార్చిలో బీజాపూర్ జిల్లా చింతకొంటలో ఆడపిల్లల పోర్టా క్యాబిన్ రాత్రివేళ తగలబడింది. మూడు వందల మందికి పైగా బయటపడ్డారు. నాలుగేళ్ళ పాప చనిపోయింది.

2004లో కుంభకోణంలో 94 మంది పిల్లలు బడిమంటల్లో పోయాక, బడుల్లో అగ్నిమాపక ఏర్పాట్లు తప్పనిసరని సుప్రీంకోర్టు 2009లోనే తీర్పిచ్చింది. తీర్పుకీ చింతకొంటకీ మధ్య పదిహేనేళ్ళు. వెదురు పెరగడానికి అంతకాలం కూడా పట్టదు.

కర్రను తిట్టడం లేదు. నార్వేలో 2019లో పద్దెనిమిది అంతస్తుల భవనాన్ని ప్రధానంగా కర్రతో కట్టారు. లావాటి దూలానికి నిప్పంటుకుంటే పైపొర బొగ్గై లోపలి చేవను కాపాడుతుంది. బోలు వెదురుకు, పల్చటి ప్లైవుడ్‌కు ఆ విద్య రాదు. పైగా వెదురులోని పిండి పురుగుకు విందు. బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళ తొట్టిలో నానబెట్టకపోతే తొలిచేసి, గోడ కింద పసుప్పచ్చ పొడి రాలుస్తుంది. హాలు తెర మీద ఆ తొట్టి బొమ్మ ఎందుకుండదో మరి.

ఇక సర్కారు వారి వృక్షప్రేమ. అడవులను కాపాడాలని 1993లో కేంద్ర ప్రజాపనుల శాఖ కట్టడాల్లో కర్ర వాడొద్దంది. 2020లో పర్యావరణం కోసమే వాడొచ్చంది. హస్‌దేవ్ అడవిలో బొగ్గు గనులు రద్దు చేయాలని 2022 జూలైలో మన ఛత్తీస్‌గఢ్ అసెంబ్లీ ఏకగ్రీవంగా తీర్మానించింది. 2023 డిసెంబరులో అక్కడే రంపాలు దిగాయి. సాల చెట్లు నేలకూలాయి, బొగ్గు రాజస్థాన్ కరెంటుకు పోయింది. అడవి మనది, వెలుతురు వాళ్ళది, ఉపన్యాసం పిల్లలకు.

అయ్యా, వెదురు బడి అంత గొప్పదైతే మహానది భవన్ ఖాళీ చేసి, ఒక్క మే నెల సచివాలయాన్ని ఆ వెదురు బడిలోనే నడపండి. ఇసుక బకెట్లు, రెండో తలుపు వాటంతటవే వస్తాయి. పిల్లల్ని ఆ తర్వాత పిలవండి.