విమాన దైవజ్ఞుడు

ప్రొద్దుటూరిలో బంగారపు అంగళ్ల వీధికిని శివాలయము కూడలికిని నడుమ, ఉదయము కాఫీ వేళకు, చేత సంచి లేక, చేయవలసిన పనియు లేక, రెండు మణికట్టులకును రెండు గడియారములు ధరించి తిరుగు పెద్దమనిషి మీకెదురైనచో, ఆయన కుమారుడు కాలిఫోర్నియాలో నున్నాడని వేఱుగ నెవరును చెప్పనక్కఱలేదు. రెండవ గడియారమే చెప్పును, అది ఊరకున్నచో ఆయనయే చెప్పును.

ఇట్టివారు జమ్మలమడుగులోను కలరు, పులివెందులలోను కలరు. కాని కువైటుకు బిడ్డలను పంపినవారిని ఈయన తన పంక్తిలో కూర్చుండనీయడు. రెండున్నర గంటల కాలభేదము గూడ నొక భేదమేనా యని ఆయన యభిప్రాయము. తనది పదుమూడున్నర గంటల భేదము; వేసవిలో అమెరికావారు గడియారములు ముందునకు ద్రిప్పుదురు గనుక పండ్రెండున్నర. ఈ సవరణ వినిపింపనిదే ఎవ్వరిని కదలనీయడు.

2021 జనవరి 9వ తేదీ రాత్రి ఎయిరిండియా వారి విమానమొకటి, కేవలము స్త్రీలే పైలట్లుగా, శాన్‌ఫ్రాన్సిస్కోలో లేచి, ఉత్తరధ్రువము మీదుగా, సుమారు 14,000 కిలోమీటర్లు నడుమ నెక్కడను దిగక, 11వ తేదీ తెల్లవాఱుజామున బెంగళూరు చేరిన వృత్తాంతము ఆయనకు నిత్యపారాయణము. "మరి పదో తేదీ యాడికి పోయిందప్పా?" యని యెవడైన నడిగెనా, ఆనాటికి ఆయన జన్మ సార్థకము.

అమెరికాకు ధ్రువము మీదుగా పోవుటేలయను సందేహమునకు, పులివెందుల బావమఱది తెచ్చిన చీనీకాయపై దారము బిగించి, పటములో వంకరగా కనబడునదే గోళముపై దగ్గఱిదారియని నిరూపించును. పడమటి గాలి వెనుకనుండి త్రోసినచో కొంతకాలము కలిసివచ్చుననియు, తిరుగుప్రయాణమున నది వడ్డీతో చెల్లింపవలసివచ్చుననియు బోధించుచునే, ఆ భూగోళమును ఒలిచి తొనలు పంచును. శాస్త్రమున దోషము లేదు, తొనలును తీయనివే.

అయితే ఆయన లెక్క విమానాశ్రయము మొదలు విమానాశ్రయము వఱకే. ప్రొద్దుటూరు నుండి బెంగళూరు విమానాశ్రయమున్న దేవనహళ్లికి పట్టు రాత్రిప్రయాణమును, అచ్చట గంటల తరబడి నిలువవలసిన వరుసలును ఆయన జమాఖర్చులలోనికి రావు. ఒకనాడు బావమఱది విసిగి, "అదంతా సరే బావా, ముద్దనూరికి పులివెందుల బస్సు ఎప్పుడొచ్చాదో అది చెప్పు" అనెను. దైవజ్ఞుడు రెండు గడియారములను మార్చి మార్చి చూచెను. ఆ రోజులలో బెంగళూరిలో మధ్యాహ్నము విమానమెక్కినవాడు తేదీ మాఱకుండ ఆ సాయంకాలమే శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగగలిగెడివాడు. పులివెందులవాడు ఆ రాత్రికే ఇల్లు చేరునన్న భరోసా మాత్రము లేదు. "అది డ్రైవరు ఇష్టం లేప్పా" యని తేల్చివేసెను.

కుమారుడు టిక్కెట్టు పంపెదనన్నప్పుడెల్ల, "పదిహేడు గంటలు కూచుంటే నా నడుము ఏమైతాదిరా?" యని తప్పించుకొనును. కడపలో 2015లో విమానాశ్రయము తెఱచినారు. ఆయన దాని గడపయైన నింతవఱకు త్రొక్కలేదు.