ఐవరీయా, క్రీమా?

మా బావగారిని ఏదైనా అడగండి, ఠక్కున తేల్చేస్తారు. పొలం అమ్మాలా ఉంచాలా, పిల్లకి ఈ సంబంధం ఖాయం చేయాలా, మోకాలికి ఆపరేషనా మందులా, అన్నిటికీ కాఫీ చల్లారేలోపు తీర్పు. అలాంటి మనిషి సొంతింటి హాలు గోడకి ఐవరీ వేయించాలా క్రీమ్ వేయించాలా అన్నదగ్గర చతికిలబడ్డారు.

పక్కపక్కన పెడితే తప్ప ఆ రెండింటికీ తేడా తెలీదు. పెట్టినా మా అక్కకి తెలీలేదు. "రెండూ తెలుపేగా!" అంది. కచేరీ మధ్యలో ఫోన్ మోగించినవాణ్ని చూసినట్టు చూశారాయన.

ఏమీ తెలియని మనిషైతే బాధ లేదు. షేడ్ కార్డులో గోరంత ముక్కని నమ్మకూడదట, గోడంతా పరుచుకుంటే రంగు ముదిరినట్టు కనిపిస్తుందట. తడి మీద తీర్పు చెప్పకూడదట, ఆరాక మారుతుందట. 3000 కెల్విన్ పచ్చ బల్బు కింద క్రీమ్ వెన్నపూసైపోతుందట, 6500ది పెడితే ఐవరీ పాలిపోతుందట. మిషన్లో కలిపించాక 20 లీటర్ల బకెట్టు షాపువాడు వెనక్కి తీసుకోడట. ఇవన్నీ నిజాలే, అదే నా ఏడుపు. అబద్ధాలైతే కొట్టిపారేసేవాణ్ని.

గోడల మీద రెండేసి పట్టీలు వెలిశాయి. గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడు అభిప్రాయం చెప్పి వెళ్ళాడు. వినాయక చవితి చందాకొచ్చిన పిల్లలు రంగు చెబితేగానీ డబ్బు రాలలేదు.

చెప్పినా ప్రయోజనం లేదు. "క్రీమ్ బావుంది బావగారూ" అన్నాను. "క్రీమా? కొత్తగా వేసినా పాతగోడలా ఉండదూ?" మా ఆవిడ తెలివిగా "ఐవరీయే అన్నయ్యగారూ" అంది. "మరి చేతిమరకలో అమ్మా?" మీరు ఏ రంగు అంటే రెండోదానికి ఆయన వకాల్తా పుచ్చుకుంటారు.

పాతికేళ్ళు అద్దె ఇళ్ళలో, ఓనరు వేయించిన డిస్టెంపర్‌కి వీపు ఆనించి, చొక్కాకి అంటిన పొడి దులుపుకున్న మనిషి. గోడకి ఏ రంగు కావాలని ఆయన్ని అడిగినవాళ్ళెవరు? అది గుర్తొచ్చి మెత్తబడతాను. మెత్తబడేసరికి ఫోను: "ఏమోయ్, మబ్బు పట్టింది. మబ్బులో క్రీమ్ నువ్వు చూడలేదు కదా, ఓసారి రా."

వెళ్ళాను. మబ్బులో క్రీమ్ నిజంగానే వేరుగా ఉంది. అది నాకు కనబడటం మొదలైందంటేనే భయమేసింది.

అవతల పేంటర్ మేస్త్రీ లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, బీడీ ముట్టించుకుని అరుగు మీద కూర్చున్నాడు. పని ఆగింది గానీ రోజుకూలీ ఆగలేదు. బావగారు పెన్షన్ పనిమీద బ్యాంకుకి వెళ్ళిన పూట అక్క మేస్త్రీని లోపలికి పిలిచి, పట్టీలతో సహా గోడలన్నీ కొట్టించేసింది.

ఆయన వచ్చి హాలు మధ్యలో నిలబడ్డారు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు. ఈ మూలకెళ్ళి చూశారు, ఆ మూలకెళ్ళి చూశారు.

"ఏది వేయించావ్?"

"మీరే చెప్పండి" అంది అక్క.

"ఆరనీ, చెబుతాను. తడి మీద చెప్పకూడదు" అన్నారు బావగారు.