రాతప్రతి సమర్పణ పద్యం: చోడవర వ్యాఖ్య

మూలం

ఆ. మొదట కమిటి సెలవు ముదముతో గైకొని
రోగి సంతకమును రూఢి చేసి
పేర్ల వరుస తేల్చి పెద్దను మెప్పించి
పంపవలయు రాత పత్రికకును.

అవతారిక

వైద్యపత్రికకు రాతప్రతి పంపే విధిని ఈ ఆటవెలది చెబుతోంది. దీన్ని చదివే అధికారం ముగ్గురికి ఉంది: థీసిస్ గడువు మీదికొచ్చిన పీజీకి, ప్రమోషన్ ఫైల్లో ఒక పేపరు తక్కువైన అసిస్టెంట్ ప్రొఫెసరుకి, ఏ అవసరమూ లేకున్నా తన కంటబడ్డ జబ్బు గురించి నలుగురికీ చెబుదామనుకునే ఊరి డాక్టరుకి. మూడోవాడు అరుదు కాబట్టి వ్యాఖ్యకు వాడే తగిన ఉదాహరణ. ఆయన చోడవరంలో పనిచేస్తున్నాడనీ, చెరకు కోతల్లో రక్తపింజర కరిచిన ఒక కూలీకి కాటు నయమైన కొన్ని నెలలకు పిట్యూటరీ గ్రంథి దెబ్బతిన్న లక్షణాలు ఆయన గుర్తించాడనీ అనుకోవాలి. రక్తపింజర విషానికి ఈ గుణం ఉందని వైద్యలోకానికి తెలుసు. అయినా చాలామంది డాక్టర్లకు ఎదురుపడదు, ఎదురుపడినా తట్టదు. రాయదగిన విషయమే.

ప్రతిపదార్థం

మొదట = రోగి వివరాలు ఎక్కించుకోవడానికి ముందే; కమిటి = నైతిక సమీక్షా సంఘం, వాడుకలో ఎథిక్స్ కమిటీ; సెలవు = అనుమతి; ముదముతో = సంతోషంగా; కైకొని = రాతపూర్వకంగా, తేదీతో, నంబరుతో తీసుకొని; రోగి సంతకమును = సమ్మతి పత్రం మీది సంతకాన్ని, లేదా సాక్షి ఎదుట వేసిన వేలిముద్రను; రూఢి చేసి = ఫైల్లో ఉందని కళ్లతో చూసుకొని; పేర్ల వరుస తేల్చి = ఎవరి తర్వాత ఎవరో తగువు తీర్చుకొని; పెద్దను = విభాగాధిపతిని; మెప్పించి = స్పష్టమే; రాత = రాతప్రతిని; పత్రికకును = ఒక్క పత్రికకు; పంపవలయు = అప్‌లోడ్ చేయాలి.

తాత్పర్యం

కమిటీ అనుమతి, రోగి సమ్మతి, రచయితల ఒప్పందం, పైవారి ఆశీస్సు ఉన్నవాడు తన రాతను ఒక పత్రికకు పంపవచ్చునని భావం.

విశేషాలు

"ముదముతో" అన్న మాట యతి కోసం పడిందని పూర్వవ్యాఖ్యాతల అభిప్రాయం. ముదం కమిటీదా, రచయితదా అన్నది ఇంకా తేలలేదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం కమిటీలో 7 నుంచి 15 మంది ఉండాలి. అధ్యక్షుడు ఆ సంస్థకు బయటివాడై ఉండాలి. న్యాయం తెలిసినవారు, సామాజిక శాస్త్రం తెలిసినవారు, వైద్యరంగానికి చెందని మామూలు మనిషీ అందులో ఉంటారు. కనీసం అయిదుగురు కూర్చోనిదే నిర్ణయం చెల్లదు. చిన్న ఊరి ఆసుపత్రికి సొంత కమిటీ ఉండదు గనుక వేరే సంస్థ కమిటీని ఒప్పందం మీద ఆశ్రయించవచ్చని అవే మార్గదర్శకాలు దారి చూపాయి. 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల విశాఖలోనే ఉంది. అనకాపల్లి మీదుగా అక్కడికి వెళ్లి రావడానికి డాక్టరుకు రెండో రకం సెలవు కూడా కావాలి. దాన్ని పద్యం చెప్పలేదు.

ఒక్క రోగి కథకు కమిటీ దేనికని పూర్వపక్షం. చాలా సంస్థలు అలాంటిదానికి పూర్తి సమీక్ష అడగవు, నిజమే. కాని సమీక్ష అక్కర్లేదని చెప్పే కాగితమైనా జతచేయమనే పత్రికలున్నాయి. అక్కర్లేదని చెప్పించుకోవడానికీ కమిటీ దగ్గరికే పోవాలి. ఇక మందు పరీక్షించే ట్రయల్ అయితే "మొదట" అన్న మాట మరింత బిగుసుకుంటుంది. భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007లో మొదలైంది. 2018 ఏప్రిల్ నుంచి, మొదటి రోగిని చేర్చుకోక ముందు వచ్చిన ట్రయళ్లనే అది నమోదు చేస్తోంది. పని ముగించి, ఫలితం చూసుకొని, ఆనక రిజిస్ట్రీ తలుపు తట్టేవాడికి అక్కడ చోటు లేదు.

"రోగి సంతకము" విషయంలో ఊరి డాక్టరు పట్నపు డాక్టరు కంటే ఎక్కువ జాగ్రత్త పడాలి. చికిత్సకు ఇచ్చిన సమ్మతి ప్రచురణకు చెల్లదు. రెండో కాగితం కావాలి, అది రోగికి అర్థమయ్యే తెలుగులో ఉండాలి. ఫొటోలో కళ్ల మీద నల్లపట్టీ వేస్తే మనిషి గుర్తు చెరిగిపోతుందని చాలామంది డాక్టర్లు నేటికీ నమ్ముతారు. అది చాలదని వైద్యపత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం తన సిఫారసుల్లో విడమరిచి చెప్పింది. పట్టీ సంగతి అలా ఉంచితే, అసలు గుట్టు వాక్యంలోనే రట్టవుతుంది. "గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు కొట్టే 46 ఏళ్ల వ్యక్తి, ఎడమ కాలి మీద పాము కాటు, ఫలానా నెల" అని రాస్తే లండన్ పాఠకుడికి ఏమీ తెలియదు. చోడవరం టీకొట్టు దగ్గర ఆ వాక్యం చదివితే పేరు, ఇంటిపేరు, మేనమామ ఊరు కూడా జనమే చెప్పేస్తారు. కాబట్టి నలభైలలో ఉన్న వ్యవసాయ కూలీ అంటే చాలు. ఫ్యాక్టరీ పేరు వల్ల వైద్యానికి ఒరిగేదేమీ లేదు.

ఊరి పేరుకు ఒక పాఠాంతరం ఉంది. రచయిత చిరునామాలో "చోడవరం, విశాఖపట్నం జిల్లా" అన్నది ప్రాచీన పాఠం, "చోడవరం, అనకాపల్లి జిల్లా" అన్నది నవీన పాఠం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో రెండోది ప్రమాణమైంది. అయితే 2021లో రోగిని చూసి, 2022 జనవరిలో కమిటీ అనుమతి తీసుకొని, 2023లో రాతప్రతి పంపినవాడి పరిస్థితి ఏమిటి? అనుమతి పత్రంలో ఒక జిల్లా, చిరునామాలో ఇంకో జిల్లా కనబడితే సంపాదకుడు రెండు ఆసుపత్రులనుకోవచ్చు. పద్ధతుల భాగంలో "అప్పటి విశాఖపట్నం జిల్లా" అని ఒక్క మాట వేస్తే చిక్కు విడిపోతుంది. జిల్లా ఎత్తేసి ఊరొక్కటే రాద్దామంటే కృష్ణా తీరాన పెనమలూరు వైపు ఇంకో చోడవరం ఉంది.

"పేర్ల వరుస తేల్చి" అన్నది పద్యానికి ప్రాణస్థానం. ఇక్కడ వ్యాఖ్యాతలకు నిద్ర ఉండదు. 1978లో కెనడాలోని వాంకూవర్‌లో కొందరు సంపాదకులు సమావేశమై రాతప్రతులకు ఉమ్మడి నియమాలు అనుకున్నారు, మరుసటి ఏడాది ప్రచురించారు. నేటి సంపాదక సంఘానికి మూలం అదే. రచయిత అనిపించుకోవడానికి ఆ సంఘం నాలుగు లక్షణాలు చెప్పింది: ఆలోచనలోనో సమాచార సేకరణలోనో విశ్లేషణలోనో గట్టి పాలు ఉండాలి, రాయడమో మేధతో దిద్దడమో చేసి ఉండాలి, తుది ప్రతిని ఆమోదించాలి, తప్పు బయటపడితే జవాబు చెప్పడానికి ఒప్పుకోవాలి. నాలుగోది 2013లో చేరింది. ఇవి నాలుగూ ఉంటేనే రచయిత, ఏ ఒక్కటి తగ్గినా కృతజ్ఞతల్లోకి. విభాగానికి అధిపతి కావడం అయిదో లక్షణంగా ఏ ప్రతిలోనూ కనబడదు. కాబట్టి "పెద్దను మెప్పించి" అన్నచోట, పెద్దను రచయితగా చేర్చి మెప్పించడం అని చెప్పే వ్యాఖ్యకు ఆచారబలమే తప్ప శాస్త్రబలం లేదు. పెద్దచేత చదివించి, దిద్దించి, ఆ దిద్దుబాటుతో మెప్పించడం అని చెప్పుకుంటే రెండూ నిలుస్తాయి. పెద్దలు చదవడానికి పట్టే కాలం మాత్రం ఏ నియమావళికీ లోబడదు.

తెలుగువారికి ఈ సందర్భంలో గుర్తుకు రావలసిన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి 1923లో బోస్టన్ చేరిన ఆయన, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ఒక పేపరు వేశారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను రంగు గాఢతతో కొలిచే విధానం అది. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా తరతరాల బయోకెమిస్ట్రీ విద్యార్థులు చదువుకున్నారు. పేర్ల వరుస పేపరుకే కాక పద్ధతికీ అతుక్కుపోతుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు. 1948లో పిల్లల ల్యూకీమియాకు అమైనోప్టెరిన్ ఇచ్చి తాత్కాలికంగానైనా జబ్బును వెనక్కి తగ్గించిన ఫలితాలను సిడ్నీ ఫార్బర్ బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రకటించింది. ఆ మందు సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధనశాలలో తయారైంది. రచయితల పట్టీలో ఉన్న అయిదు పేర్లలో ఆయన పేరు లేదు. మందు సమకూర్చినంత మాత్రాన రచయిత కాడని నేటి సూత్రమూ అంటుంది. సూత్రం సరైనదే. అయినా ఆ పట్టీ చదివే తెలుగువాడికి ఏదో వెలితి అనిపిస్తే తప్పు పట్టలేం.

ఇక ఈ పద్యం మీద గట్టి ఆక్షేపణ ఒకటి ఉంది. నాలుగు పాదాల్లో కమిటీ ఉంది, సంతకం ఉంది, పెద్ద ఉన్నాడు, పరిశోధన లేదు. ఏం చూశారు, ఎలా చూశారు, ఏం తేలిందన్న ఊసే లేదు. కవి దాన్ని అధ్యాహారంగా వదిలాడని సమర్థించేవారున్నారు. లోకంలో పేపర్లు తయారయ్యే తీరును ఉన్నదున్నట్టు చెప్పాడనేవారూ ఉన్నారు. రెండోది దగ్గరగా తోస్తుంది. ఏమైనా ఆ లోటు వ్యాఖ్యానమే పూడ్చాలి. ఉపోద్ఘాతం, పద్ధతులు, ఫలితాలు, చర్చ అనే నాలుగు భాగాల్లో మూడింటిని ఎన్నిసార్లయినా తిరగరాయవచ్చు. ఉపోద్ఘాతం ఒక రాత్రి పని. చర్చను సమీక్షకులే సగం రాయిస్తారు. పద్ధతులు మాత్రం బెల్లం పాకం లాంటివి, అచ్చులో పోశాక మళ్లీ తిప్పడానికి లేదు. పాము కరిచిన రోజున రక్తాన్ని శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో చూశారా? ఆ వేళ కేస్‌షీట్‌లో రాశారా? యాంటీ వీనమ్ ఎన్ని వయల్స్, ఎన్ని గంటలకు? హార్మోన్ పరీక్ష ఏ నెలలో, పొద్దున చేశారా సాయంత్రం చేశారా? రెండేళ్ల తర్వాత రాయడానికి కూర్చున్నప్పుడు డాక్టరు జ్ఞాపకం కేస్‌షీట్‌కు బదులు రాదు. కేసు నివేదికలకు 2013లో వచ్చిన కేర్ పట్టిక, పరిశీలన అధ్యయనాలకు 2007 నాటి స్ట్రోబ్ పట్టిక అడిగేవి ఇలాంటి ప్రశ్నలే. స్ట్రోబ్‌లో అంశాలు 22. రాతప్రతి ముగిశాక టిక్కులు పెట్టేవారే ఎక్కువ. పని మొదలుపెట్టే రోజునే పట్టికను గోడకు అంటించుకున్నవాడికి రాత సులువు.

శాంపిల్ పరిమాణం మీద ఒక ప్రాసంగికం. రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో 1897 ఆగస్టులో దోమ కడుపులో మలేరియా కణాలు కనిపెట్టి రాసి పంపిన వ్యాసాన్ని బ్రిటిష్ మెడికల్ జర్నల్ డిసెంబరు 18న అచ్చేసింది. దోమలు రెండే అన్న సంగతిని ఆయన శీర్షికలోనే పెట్టాడు, దాచలేదు. గురువు పాట్రిక్ మాన్సన్ వ్యాఖ్య కూడా అందులో తోడైంది. నేటి సమీక్షకుడు "శాంపిల్ మరీ చిన్నది" అని ఒక్క వాక్యం రాసేవాడు. దోమకు ఒక అణా చొప్పున తీసుకొని కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్ సంగతి తెలిస్తే కమిటీ మరో పేజీ రాసేది.

"పత్రికకును" అన్నచోట కొన్ని ప్రతుల్లో "పత్రికలకు" అని ఉంది. గణాలు రెండింటికీ సరిపోతాయి, నీతి ఒకదానికే సరిపోతుంది. ఒకే రాతప్రతిని ఒకేసారి రెండు పత్రికలకు పంపకూడదు. ఒకచోట కాదన్నాకే ఇంకోచోటికి. జబ్బును బట్టి పత్రిక. అప్పటి నెల్లూరు జిల్లాలో కనబడ్డ ఫ్లోరోసిస్‌ను 1937లో షార్ట్, ఆయన సహచరులు ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వివరించారు. 1913 నుంచి వస్తున్న పత్రిక అది, మన జబ్బుకు మన పత్రిక. అదే ఫ్లోరైడ్ వల్ల మోకాళ్లు లోపలికి వంగిపోయే తీరును హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు 1973లో లాన్సెట్‌లో ప్రకటించారు. పల్లె జబ్బయినంత మాత్రాన పెద్ద పత్రిక తలుపు మూసుకోదు.

కాని తలుపు బార్లా తెరిచి, పొద్దున్నే ఈమెయిల్లో డాక్టరును మహామేధావీ అని సంబోధించి, ఎల్లుండికల్లా పేపరు పంపమని బతిమాలే పత్రికలతో భద్రం. అక్కడ సమీక్ష పేరుకే, రుసుము మాత్రం నిజం. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేస్తే, 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది.

"పంపవలయు" అన్న క్రియ చూడ్డానికి చిన్నది, చేయడానికి ఒక ఆదివారం పడుతుంది. రచయితల పేర్లున్న పుట ఒక ఫైలు, పేర్లు లేని అసలు రాత వేరే ఫైలు. రెండో ఫైల్లో ఆసుపత్రి పేరు పొరపాటున మిగిలితే తిప్పి పంపుతారు. బొమ్మలు విడిగా, అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో. సంగ్రహం సాధారణంగా 250 మాటల్లో. ప్రతి రచయితకూ 16 అంకెల ఆర్కిడ్ గుర్తింపు నంబరు, ప్రయోజన సంఘర్షణ లేదన్న ప్రకటన, సంపాదకుడికి లేఖ. అన్నీ ఎక్కించాక ఆ యంత్రమే ఒక పీడీఎఫ్ కట్టి చూపిస్తుంది. దాన్ని తెరిచి చూసి ఆమోదం నొక్కనిదే రాతప్రతి కదలదు. ఇది తెలియక ఎన్నో రాతలు నెలల తరబడి రచయిత ఖాతాలోనే పడి ఉంటాయి, సంపాదకుడు ఆలస్యం చేస్తున్నాడని తిట్లు పడుతుంటాయి.

ఫలశ్రుతి

ఫలం మూడు విధాలు. సమీక్షకు పంపకుండానే తిరస్కారం వస్తే అది త్వరగా వస్తుంది. పత్రిక పరిధికి తగలేదని అర్థం, మరోచోట ప్రయత్నించవచ్చు. ఆమోదం వెంటనే వస్తే పత్రికను అనుమానించాలి. సవరణలు కోరడం మధ్యమ ఫలం, మంచి పేపర్లలో చాలా భాగం దీని గుండానే పోతాయి. అప్పుడు సమీక్షకుల మాటలను వరుసగా ఎత్తి రాసి, ఒక్కొక్కదాని కింద జవాబూ మార్చిన చోటూ చూపాలి. రక్తపింజర విషం పిట్యూటరీని దెబ్బతీస్తుందని ముందే తెలుసు కదా, కొత్తేమిటని సమీక్షకుడు అడుగుతాడు. కొత్తదనం లేదని ఒప్పుకొని, కాటుకూ గుర్తింపుకూ మధ్య ఎన్ని నెలలు పట్టిందో, నీరసమని ఎన్నిచోట్ల విటమిన్ మాత్రలిచ్చి పంపారో చెప్పగలిగితే రాత నిలుస్తుంది. ఆమోదం తర్వాత ప్రూఫు వస్తుంది, 48 గంటల్లో చూసి పంపమంటారు. పేర్ల అక్షరాలు, మందు మోతాదులు, పట్టికల్లో దశాంశ బిందువులు, జిల్లా పేరు అప్పుడే చూసుకోవాలి. అచ్చయ్యాక దిద్దడానికి సవరణ ప్రకటన ఒక్కటే దారి, దానికీ రచయితలందరి ఒప్పుదల కావాలి.