మొగ్గ మీదున్న మొక్క

కూకట్‌పల్లిలో మా పై ఫ్లాటాయనకి గంధరాజం బెంగ పట్టుకుంది. కడియం నర్సరీ నుంచి తెప్పించుకున్న మొక్క. వచ్చినప్పుడు నిగనిగలాడిన ఆకులు డాబా మీద రెండు నెలలకే పాలిపోయాయి. ఆయన రాత్రిళ్ళు టార్చిలైటు పట్టుకుని మరీ చూసి వచ్చేవారు.

నన్ను పిలిస్తే వెళ్ళాను. లేతాకులు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. ఇనుము అందడం లేదన్నమాట. గంధరాజానికి ఆమ్లగుణమున్న మట్టి కావాలి, పీహెచ్ 5-6 మధ్య ఉంటే హాయిగా పెరుగుతుంది. మనం పోసేవేమో బకెట్టు అంచున తెల్లగా చార కట్టే బోరునీళ్ళు. అవి పోసేకొద్దీ మట్టిలో ఇనుమున్నా వేరుకు చిక్కదు. లీటరు నీళ్ళలో రెండు గ్రాముల అన్నభేది, చిటికెడు నిమ్మఉప్పు కలిపి సాయంత్రంపూట ఆకుల మీద కొట్టమన్నాను.

ఈలోగా వానలు పడ్డాయి. వాళ్ళమ్మగారు డాబా గొట్టం కింద బిందె పెట్టి, నిండిన నీళ్ళు చెంబుతో మోసుకొచ్చి పోసేది. నా మందు కన్నా ఆవిడ చెంబే ఎక్కువ పనిచేసిందని నా అనుమానం. కొత్త చిగుళ్ళు ముదురు పచ్చగా వచ్చాయి.

మొగ్గలు మాత్రం చిటికెనవేలి గోరంత కాగానే రాలిపోయేవి. పెద్దావిడ వాటిని ఏరి కొంగులో వేసుకుంటూ, "ఎందుకు నిలవడం లేదు నాయనా?" అని అడిగింది.

గచ్చు మీద చూస్తే కుండీ అడుగు మరకలు గుండ్రంగా, గోడవారనొకటి, ట్యాంకు నీడనొకటి, మెట్ల దగ్గరొకటి. ఎండెక్కితే నీడకీ, మబ్బేస్తే ఎండకీ ఆయన జరుపుతూనే ఉన్నారు! గంధరాజానికి చోటు మారితే గిట్టదు. మొగ్గ మీదున్నప్పుడైతే మరీను. వెలుగూ తేమా తేడా పడగానే ముందు మొగ్గల్నే వదిలేస్తుంది.

"పొద్దుటెండ తగిలేచోట పెట్టి, ఇక ముట్టుకోకండి" అన్నాను.

ఆయన మాట వినే మనిషే. కుండీ చుట్టూ నాలుగిటుకలు పేర్చి, 'కదపరాదు' అని అట్టముక్క కూడా తగిలించారు. ఈసారి మొగ్గలు నిలిచాయి.

నెలాఖరు రోజు ఏదో పనిమీద వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మం పక్కన జిప్పు ఊడిన సంచీ, దాని మీద మందుల డబ్బా. పెద్దావిడ చెప్పులు తొడుక్కుని కుర్చీ అంచున కూర్చుంది. ఆయన విజయవాడలో ఉన్న తమ్ముడితో ఫోన్లో మాట్లాడుతున్నారు.

"మొక్క ఇప్పుడు పంపలేనురా. మొగ్గ మీదుంది, చోటు మారిస్తే తట్టుకోలేదట. మరదలికి చెప్పు, తర్వాత కొమ్మ నాటి ఇస్తాను... ఆఁ, రేపట్నించి మూణ్ణెల్లూ నీ వంతే, నాకు గుర్తుంది. రాత్రి బస్సెక్కిస్తున్నా. నేనెందుకురా వెంట? ఒక్కర్తే వస్తుంది. అమ్మకేం, అలవాటేగా!"